ఒత్తావియో దొరగారి మేయరుగిరీ

బహ్రెయిన్‌లోని అమ్వాజ్ దీవుల్లో, పడవలు కట్టేసే నీళ్ళ పక్కన, మా ఇటాలియన్ హోటలు ఉంది. అందులో ఇటలీ నుంచి వచ్చినవి రెండే రెండు. ఒకటి కాఫీ మిషను, రెండోది ఒత్తావియో దొరగారు. మిగతాదంతా మేమే. వంట చేసేది నేను. పేరు మార్కు, మాది ముమ్మిడివరం దగ్గర. బిల్లింగులో కూర్చునే రెబెకాది తణుకు. గిన్నెలు కడిగి, నేల తుడిచి, సామాన్ మోసే వెంకటిది జగిత్యాల పక్కన ఏదో ఊరు. ఓనరు అబూ యూసుఫ్ గారు ఇక్కడి అరబ్బు. నా చొక్కా మీద "మార్కో" అని కుట్టించింది ఆయనే. వంటవాడి పేరు చివర కొమ్ము తీసేసి ఓత్వం పెడితే కూరకి రుచి వస్తుందని ఆయన గట్టి నమ్మకం.

దొరగారి ఉద్యోగం తినడం. నవ్వకండి, నిజంగా అదే ఉద్యోగం. సాయంత్రం ఆరింటికి తెల్లకోటు వేసుకుని, మెడకి పట్టుగుడ్డ చుట్టుకుని, అద్దాల కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. నేను వండింది పద్ధతిగా తింటారు. బయట షికారు తిరిగేవాళ్ళు చూసి, "అసలు సిసలు ఇటలీవాడే తింటున్నాడు, ఇంకేం కావాలి" అనుకుని లోపలికి వస్తారు. శుక్రవారాలు రెండుసార్లు తినాల్సి వచ్చేది. ఓవర్‌టైం అన్నమాట.

ఆయన కౌంటు అని రెబెకా మొదటిరోజు చెబితే వెంకటి, "ఏం కౌంట్ జేస్తడు? ప్లేట్లా?" అన్నాడు.

"కాదురా, అది బిరుదు. మన జమీందారు లాగా," అన్నాను.

"అంటే దొరనా?"

"దొరే."

"అయితే నేను పిలువ. మా తాత ఆ మాట అని అని నోరు అరగ్గొట్టుకుండు. నేను సేటు అంట."

అలాగే పిలిచాడు. దొరగారు అదేదో అరబ్బుల పెద్ద బిరుదనుకుని, వెంకటి "సేటు" అన్నప్పుడల్లా తల కొంచెం వంచేవారు.

ఆయన కథ ముక్కలు ముక్కలుగా, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో, నాకు చెప్పారు. వాళ్ళ ఊరు కాస్తెల్‌బుఫ్ఫో. ఇరవై వేల జనం. కొండ మీద వీళ్ళ కోట. గదులు నలభై ఒకటి, వాటిలో పైకప్పు ఉన్నవి పదకొండు. వాన మొదలైతే ఇంటిల్లిపాదీ మంచాలు లాక్కుంటూ పొడిగా ఉన్న గది కోసం పరిగెత్తేవారట. పందొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆయన బూట్లకి తాడు తను కట్టుకోలేదు. కట్టే ముసలావిడ పోతే వారం రోజులు చెప్పులతో తిరిగి, ఎనిమిదో రోజు ఏడుస్తూ నేర్చుకున్నారట. వాళ్ళ నాన్నగారు పొలాలన్నీ అమ్మి గుర్రాలు కొన్నారు, గుర్రాలు అమ్మి దుర్భిణీలు కొన్నారు, ఆ దుర్భిణీలతో అమ్మేసిన పొలాలు చూసుకుంటూ కాలం చేశారు.

యాభై ఒకటో ఏట దొరగారు బహ్రెయిన్ వచ్చారు, ఒక షేక్ గారి పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పడానికి. మొదటిరోజు ఆయనకీ గుర్రానికీ అభిప్రాయభేదం వచ్చింది. మూడోరోజు గుర్రం గెలిచింది. చేతికి కట్టు కట్టించుకుని సూపర్‌మార్కెట్లో నిలబడి, తన కన్నతండ్రిని ఎవడో తిట్టినట్టు ఒక సేమ్యా ప్యాకెట్టుతో దెబ్బలాడుతుండగా అబూ యూసుఫ్ గారు చూశారు. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు.

నాకు వంట వచ్చిందంటే ఆయన చలవే. మొదట్లో నేను పాస్తాలో ఉల్లిపాయా పచ్చిమిరపకాయా దోరగా వేయించి వేసేవాణ్ణి. ఆయన ఒక ముద్ద తిని, ఫోర్కు కింద పెట్టి, కళ్ళు మూసుకుని, "మార్కో, మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని జాలిగా అడిగారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన కనుబొమ్మలే నాకు బడి. ఎడమది లేస్తే ఉప్పు తక్కువ, కుడిది లేస్తే ఉడుకు ఎక్కువ, రెండూ లేస్తే పారబోయాలి.

అలాంటి మనిషికి ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. నేను కాఫీగింజలు మిషన్లో పోసి తిప్పుతున్నాను. అది తిరుగుతుంటే విమానం దిగినట్టే ఉంటుంది. దొరగారు ఒక చెవి మూసుకుని, "సీ, సీ, వా బెనె" అన్నారు. అంటే సరే సరే, అలాగే కానివ్వండి అని. ఫోన్ పెట్టాక ఎవరండీ అంటే, "మా ఊరి మందులషాపు ఆవిడ. మా పూర్వీకుడి విగ్రహానికి రంగు వేస్తారట, నా పేరు వాడుకుంటామంది," అన్నారు.

పదిరోజులకి కొరియర్లో కాగితాలు వచ్చాయి. దొరగారికి కాగితం చదివే అలవాటు లేదు. వాళ్ళ వంశంలో కాగితాలు చదివేవాళ్ళు వేరే ఉండేవారు. ఎక్కడ గీత కనిపిస్తే అక్కడ సంతకం పెట్టి పంపేశారు.

జూన్‌లో మళ్ళీ ఫోన్. ఈసారి మిషను ఆగి ఉంది. దొరగారు విన్నారు. విన్నవారు విన్నట్టే కుర్చీలోంచి లేచి, కిటికీ తెర వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. నేనూ రెబెకా తెర పక్కకి తీస్తే మొహం సున్నం కొట్టినట్టుంది.

"మార్కో," అన్నారు, "నేను మా ఊరికి మేయర్నయ్యాను."

జరిగింది ఏంటంటే, కాస్తెల్‌బుఫ్ఫోలో రెండు పార్టీలు. నలభై ఏళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒక పార్టీ కాఫీ తాగే చోట ఇంకోళ్ళు నీళ్ళు కూడా తాగరు. పాత మేయరు విసుగొచ్చి రాజీనామా చేసి తేనెటీగలు పెంచుకోడానికి పోయాడు. తొమ్మిది నెలలు ఎవరూ ఎవరినీ ఒప్పుకోలేదు. చివరికి రెండు పార్టీలూ ఒక్క పేరు దగ్గర ఆగాయి. ఆ పేరు మా దొరగారిది. పోటీ లేదు, ఎన్నికా అయిపోయింది. రంగు వెయ్యాల్సింది విగ్రహానికి కాదు, ఈయనకి.

"వెళ్ళి చేరండి దొరగారూ, ఇంతకంటే ఏం కావాలి?" అన్నాను.

"వెళ్ళను."

"ఎందుకండీ?"

"వెళ్ళను," అని సూప్ అడిగారు. ఆయన సూప్ అడిగితే ఇక ఆ సంగతి ఎత్తకూడదని అర్థం.

రాజీనామా చెయ్యడానికీ ఆయనకి మొహమాటమే. అందుకని మధ్యేమార్గంగా, కౌన్సిలు మీటింగులకి ఇక్కడినుంచే కంప్యూటర్లో హాజరవుతానన్నారు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి, హోటల్లో ఈగలు తోలుకునే వేళ, రెబెకా తన లాప్‌టాప్ తెచ్చి మూలబల్ల మీద పెట్టేది. ఊరినుంచి మేయరు వేసుకునే పట్టీ వచ్చింది, ఆకుపచ్చా తెలుపూ ఎరుపూ. దాన్ని భుజం మీంచి నడుము దాకా వేసుకుని కూర్చున్నారు.

వెంకటి చూసి, "గిదేం పార్టీ కండువా అన్నా? ఎప్పుడు చేరిండు?" అని నా చెవిలో అడిగాడు.

తెర మీద పన్నెండు తలకాయలు. పన్నెండు నోళ్ళూ ఒకేసారి. వాళ్ళలో తెల్లజుట్టు మందులషాపు ఆవిడ ఉంది, పేరు బెర్నార్దీనా. ఆవిడే డిప్యూటీ మేయరు, ఒక పార్టీకి పెద్దతలకాయ. చెత్త గురించి గొడవ. ప్రతి వీధీ పక్కవీధి చెత్తని తమ వీధిలోకి తోసిందంటోంది. నలభై నిమిషాలు దొరగారు తల అటూ ఇటూ తిప్పారు, ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆఖరికి బెర్నార్దీనా గారు, "మేయరు గారూ, మీరేమంటారు?" అని గదమాయించింది.

దొరగారు బిక్కమొహం వేసి వంటింటివైపు తిరిగారు. నేను ఇంకో వైపు తిరిగాను. అప్పుడు వెంకటి చీపురు పట్టుకుని మా మధ్యలోంచి వెళ్తున్నాడు.

"ఏమైంది సేటు?" అన్నాడు.

రెబెకా చెప్పింది. వెంకటి చీపురు గోడకి ఆనించాడు.

"గింత దానికి గంత లొల్లా? మేముండే లేబర్ క్యాంపుల పదహారు రూములున్నయి. ఎవ్వని వంతు వస్తే వాని తలుపుకు చీపురు కడ్తం. ఊడ్సినంక వాడే పోయి పక్కోని తలుపుకు కడ్తడు. ఊడ్వకుంటే చీపురు ఆడ్నే యాలాడ్తది. డ్యూటీకి పోయేటోళ్ళు, వచ్చేటోళ్ళు అందరు జూస్తరు. ఇజ్జత్ పోతది. తెల్లారేసరికి ఊడుస్తడు."

దాన్ని నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను, రెబెకా నా ఇంగ్లీషుని ఇంగ్లీషులోకి మార్చింది, దొరగారు దాన్ని ఇటాలియన్ చేశారు. కానీ ఆయన చేతిలో పడేసరికి అది ఇంకోలా అయింది. లేచి నిలబడ్డారు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. చీపురు రాజదండమన్నారు, గడప సింహాసనమన్నారు. వంట నూనె డబ్బాల ముందు నిలబడి ఏడు నిమిషాలు చెప్పారు. పన్నెండు నోళ్ళూ మూతపడ్డాయి.

మొదటివారం ఊళ్ళో అందరూ తిట్టారట. ఎవరో చీపురుని గంటస్తంభం మీద కట్టేశారు. రెండోవారం రొట్టెలషాపు ఆవిడ తన వంతు వచ్చినప్పుడు చీపురుకి ఎర్ర రిబ్బను కట్టింది. అంతే, మూడోవారానికి పోటీ పడ్డారు. ఒక వీధి చీపురుకి వెండిరంగు, ఒక వీధి చీపురుకి గంటలు. ఒక ముసలావిడైతే చీపురు తన తలుపుకి అందంగా ఉందని తొమ్మిది రోజులు ఎవరికీ ఇవ్వలేదు. రోజూ తనే ఊడ్చింది. వీధి అద్దంలా ఉందట.

అక్కడి పేపరు వాళ్ళు ఫోన్ చేసి ఈ ఉపాయం ఎక్కడిదని అడిగారు. దొరగారు అబద్ధం ఆడే మనిషి కాదు. "నా సలహాదారులు చెప్పారు," అన్నారు. మర్నాడు పేపర్లో "మేయరు గారికి గల్ఫ్‌లో సలహామండలి" అని వచ్చింది. దాని కింద మా ముగ్గురి ఫొటో ఉండాల్సింది గానీ, వాళ్ళ దగ్గర లేక ఒక ఒంటె బొమ్మ వేశారు.

అక్కడే చిక్కొచ్చింది. బెర్నార్దీనా గారు మంగళవారం మీటింగులో, "ఆ మండలిని నేను చూడాలి. వస్తున్నాను," అంది. టికెట్ కూడా కొనేసిందట.

లాప్‌టాప్ మూశాక దొరగారు రెండు చేతులతో పట్టీ పట్టుకుని, "మార్కో, నేను తినే ఉద్యోగం చేస్తున్నానని మా ఊళ్ళో ఎవరికీ తెలీదు," అన్నారు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు చిన్నదైపోయింది. అంతకుముందు అంత చిన్న గొంతు ఆయన దగ్గర నేను వినలేదు.

అబూ యూసుఫ్ గారికి చెప్పాం. ఆయన జపమాల తిప్పుతూ విని, "మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు. ఒక్కరోజు హోటలు బంద్. దీన్నే ఆఫీసు చేద్దాం. యల్లా, పదండి!" అన్నారు. ఆయనకి నాటకాలంటే ఇష్టమని ఆ రోజే తెలిసింది.

బల్లలన్నీ కలిపి ఒక పొడుగు బల్ల చేశాం. మెనూ బోర్డు తిప్పి "సలహామండలి" అని రెబెకా ఇంగ్లీషులో రాసింది. వెనకవైపు "ఈరోజు స్పెషల్" అలాగే ఉంది. నాకు చర్చికి వేసుకునే కోటు ఉంది. వెంకటికి అబూ యూసుఫ్ గారు తన కొడుకు పెళ్ళికోటు ఇచ్చారు. చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి. పై జేబులో పెన్ను పెట్టమంటే, కంగారులో చెంచా పెట్టుకున్నాడు.

బెర్నార్దీనా గారు వచ్చింది. పొట్టి మనిషి. చేతిలో సంచీ, మెడలో రెండు జతల కళ్ళద్దాలు. లోపలికి రాగానే గాలి పీల్చింది. వెల్లుల్లి వాసన పోలేదు. చుట్టూ చూసి తిన్నగా వెంకటి ముందుకెళ్ళి, ఇంగ్లీషులో, "మీ చదువు?" అంది.

"ఎన్మిదో తరగతి ఫేలు," అన్నాడు వెంకటి.

"ఎనిమిదేళ్ళు ఒకే అంశం మీద కృషి చేశారు," అని రెబెకా ఇంగ్లీషులో చెప్పింది.

ఆవిడ ఒక కళ్ళద్దాలు తీసి ఇంకో కళ్ళద్దాలు పెట్టుకుని, పెళ్ళికోటు చేతులు పైకి మడిచి, వెంకటి అరచేతులు తిప్పి చూసింది. సబ్బునీళ్ళలో నాని నాని బీటలు తీసిన చేతులు. జేబులో చెంచా చూసింది. బోర్డు తిప్పి "ఈరోజు స్పెషల్" చదివింది. దొరగారు నేలవైపు చూస్తున్నారు.

"చీపురు ఉపాయం ఇతనిదేనా?" అంది.

"ఇతనిదే," అన్నారు దొరగారు. "నాది కాదు. నేను ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుని భోజనం చేస్తాను. అదే నా పని. అందుకు జీతం ఇస్తారు."

ఆవిడ వెంకటివైపు తిరిగి, "ఆ చీపురు కట్టే క్యాంపు చూపించండి," అంది అంతే.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే వెంకటి వాళ్ళ క్యాంపుకి వెళ్ళాం. అబూ యూసుఫ్ గారు కారు పంపుతానంటే ఆవిడ వద్దంది. వెంకటి ఎలా వస్తాడో అలాగే వస్తానంది. బస్సులో తెల్లకోటూ మేయరు పట్టీతో దొరగారు, ఆయన పక్కన ఇద్దరు బంగ్లాదేశీలు, వెనక సీట్లో రెండు కళ్ళద్దాల ఆవిడ. బంగ్లాదేశీ భాయ్ ఒకడు పట్టీని తాకి చూసి, "క్వాలిటీ," అన్నాడు.

క్యాంపులో చీపురు పదకొండో రూము తలుపుకి వేలాడుతోంది. బెర్నార్దీనా గారు దాన్ని తాకి, ఫొటో తీసింది. ఆ టైముకి వరండాలో మీటింగు నడుస్తోంది. క్యాంపుకి పెద్దదిక్కు నర్సింగ్ కాక, జగిత్యాల పక్కవాడే, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తగువు ఏసీ గురించి. ముఖేష్ అనేవాడు పద్దెనిమిదిలో పెడతాడు, మిగతావాళ్ళు దుప్పట్లలో వణుకుతున్నారు.

ముఖేష్ నిలబడి మాట్లాడుతున్నాడు. చేతిలో స్టీలు గ్లాసు, దాన్నిండా పొగలు కక్కే చాయ్. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చబోతే నర్సింగ్ కాక, "ఏయ్, ఒక్క చెయ్యే," అన్నాడు. ముఖేష్ గబగబా నాలుగు ముక్కలు చెప్పి గ్లాసు దించేసి వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

"ఏమిటిది?" అంది బెర్నార్దీనా గారు.

వెంకటి చెప్పాడు. "మాట్లాడేటోడు గ్లాసు పట్టుకోవాలె. ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు మాట్లాడొచ్చు. దించితే ఖలాస్. లేకుంటే మావోళ్ళు రామాయణం చెప్తరు."

ఆవిడ సంచీ కింద పెట్టి, "నాకూ ఒక గ్లాసు ఇవ్వండి," అంది.

నర్సింగ్ కాక మర్యాదకి కొంచెం చల్లారిన చాయ్ ఇవ్వబోతే, ఆవిడ వేలు ముంచి చూసి, వెనక్కిచ్చి వేడిది తీసుకుంది. తీసుకుని ఇటాలియన్లో మొదలుపెట్టింది. అక్కడ ఇటాలియన్ వచ్చింది దొరగారికి ఒక్కరికే. అందుకని ఆవిడ ఆయన్ని తిడుతుంటే, ఆయనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. నేను తెలుగులో అందుకున్నాను.

"ఈవిడ నన్ను పిరికివాడంటోంది," అన్నారు దొరగారు శ్రద్ధగా. "ఊరు పిలిస్తే రానివాడు మేయరేమిటంటోంది. ఈ నెలాఖరులోగా నేను స్వయంగా వెళ్ళి కౌన్సిలు హాల్లో ప్రమాణం చెయ్యకపోతే పదవి పోతుందట, అది ఊరి రూలట. ఇప్పుడు నా పట్టుగుడ్డ గురించి ఏదో అంటోంది, అది అనువాదం చెయ్యను."

"చెయ్యాలె, చెయ్యాలె," అన్నారు క్యాంపువాళ్ళు.

"గాడిద మెడకి పట్టుగుడ్డ అంటోంది."

అందరూ చప్పట్లు కొట్టారు. బెర్నార్దీనా గారు గ్లాసు దించింది. రెండు నిమిషాల పది సెకండ్లు. క్యాంపులో అంతకుముందు ఎవరూ రెండు నిమిషాలు దాటలేదని ముఖేష్ ఫోన్ చూపించి మరీ చెప్పాడు.

అప్పుడు దొరగారు చెయ్యి చాచారు. నర్సింగ్ కాక కొత్త చాయ్ పోశాడు. ఆయన చేతులు ఎలాంటివో నాకు తెలుసు, ఫోర్కు బరువు తప్ప ఎరగనివి. పట్టుకున్నారు. ఈసారి ఇంగ్లీషులోనే, మా అందరికీ చెప్పారు.

"పన్నెండేళ్ళ కింద మా ఊరి పండగ. మా పూర్వీకుడి ఇనపకవచం వేసుకుని, గుర్రం మీద వచ్చి ఉపన్యాసం ఇమ్మన్నారు. ఊరి నడిమధ్య నీళ్ళ తొట్టి ఉంది. ఉపన్యాసం మొదలెట్టాను. గుర్రానికి దాహం వేసింది. అది మెడ వంచింది. నేను దాని మెడ మీంచి జారి తొట్టిలో పడ్డాను. కవచం నిండా నీళ్ళు. లేవలేను. శిరస్త్రాణం మూసుకుపోయింది. ఉపన్యాసం ఆపమని నాకెవరూ చెప్పలేదు, అందుకని ఆపలేదు. బయటికి బుడబుడమనే వినిపించిందట. ఫైరింజను వాళ్ళు తాడు కట్టి, నూతిలోంచి చేద తోడినట్టు తోడారు. ఊరంతా నవ్వింది. చిన్నపిల్లలు, ఫాదరు గారు, మా వంటమనిషి... అందరూ. ఆ నెలలోనే ఊరొదిలి వచ్చేశాను. మళ్ళీ ఆ తొట్టి పక్కనుంచి ఎలా నడవను?"

నేను తెలుగులో చెప్పడం అయ్యేసరికి వరండా అంతా పళ్ళు బిగబట్టుకుని ఉంది. నవ్వు ఆపుకోలేక వెంకటి చీపురు ఉన్న తలుపు వెనక్కి పోయాడు. దొరగారి వేళ్ళు ఎర్రబడుతున్నాయి. గ్లాసు వదల్లేదు.

బెర్నార్దీనా గారు ఆయన ముందుకొచ్చింది. గ్లాసు లేకుండానే మాట్లాడింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

"ఒత్తావియో, నలభై ఏళ్ళలో మా పార్టీవాళ్ళూ వాళ్ళ పార్టీవాళ్ళూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వింది ఆ ఒక్కరోజే. మా ఆయనకి అప్పటికే జబ్బు. ఏడాదిగా నవ్వలేదు. ఆ రోజు మా కిటికీలోంచి చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ చలికాలం పోయాడు. మేయరుగా నీ పేరు చెబితే ఇరవై వేలమందిలో ఒక్కడూ కాదనలేదు. ఎందుకనుకున్నావు, నీ వంశం చూసా?"

దొరగారు ఇంకా గ్లాసు పట్టుకునే ఉన్నారు. నర్సింగ్ కాక లేచి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి గ్లాసు తీసుకున్నాడు. "చాలు సేటు, ఇగ దించు. చెయ్యి కాలిపోతుంది," అని, బక్కెట్లో చల్లనీళ్ళు తెప్పించి చేయి పెట్టించాడు.

ముఖేష్ అప్పుడు, "మరి ఏసీ సంగతి?" అన్నాడు. బెర్నార్దీనా గారు ఇరవై మూడు అని తీర్పు చెప్పింది. ఇప్పటికీ అక్కడ ఇరవై మూడే.

ఆ నెలాఖరుకి రెండురోజుల ముందు దొరగారు బయల్దేరారు. ఎయిర్‌పోర్టుకి మేమందరం వెళ్ళాం. అబూ యూసుఫ్ గారు ఖర్జూరాల డబ్బా ఇచ్చారు. నేను ఆవకాయ ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఆయనకి తెలీకుండా మేం వెనక తినేది అదేనని చెప్పాను. "తెలుసు మార్కో," అన్నారు, "రాత్రిళ్ళు మీరు వెళ్ళాక మూత తీసి వాసన చూసేవాణ్ణి." అలా చెప్పి, లోపలికి వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తూ నడిచి ఒక సామాన్ బండికి గుద్దుకున్నారు. పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపారు.

ప్రమాణం రోజు ఆ తొట్టి దాకా ఊరంతా బారులు తీరిందట, ప్రతివాడి నడుముకీ పిల్లలు ఈదేటప్పుడు వేసుకునే రబ్బరు ట్యూబు. దొరగారు అది చూసి గజగజలాడారట. తర్వాత రొట్టెలషాపు ఆవిడ ఒక బాతుబొమ్మ ట్యూబు తెచ్చి ఆయన మెడలో వేస్తే, అది వేసుకునే లోపలికి వెళ్ళి ప్రమాణం చేశారు. పేపరు వాళ్ళు ఈసారి ఒంటె బొమ్మ వెయ్యలేదు.

ఇక్కడ ఆ కుర్చీ చాలాకాలం ఖాళీగా ఉంచామని చెప్పాలని ఉంది. కానీ వారం తిరక్కుండా అబూ యూసుఫ్ గారు ఒక బల్గేరియా ఆయన్ని తెచ్చి కూర్చోబెట్టారు. మంచివాడే, కానీ ఫోన్ చూసుకుంటూ తింటాడు. కనుబొమ్మలు అసలు కదలవు. నేను ఉప్పు ఎంత వేసిందీ నేనే రుచి చూసుకోవాల్సి వస్తోంది.

దొరగారు అయిదేళ్ళూ మేయరుగా ఉన్నారు. కౌన్సిల్లో వేడి గ్లాసు రూలు పెట్టారు. అయిదు గంటల మీటింగు నలభై నిమిషాలకి దిగింది. ఒక సభ్యుడు చేతికి తొడుగు వేసుకొస్తే తొడుగులు నిషేధిస్తూ తీర్మానం చేశారు. అన్నీ మంచిపనులే చేశారని కాదు. ఒకసారి ఊళ్ళో వీధులన్నీ వన్‌వే చేశారు, అన్నీ ఊరి మధ్యకే. ఒక పూటంతా లోపలికి వెళ్ళిన బండి బయటికి రాలేదు. ఆ రోజు వెంకటికి ఫోన్ చేస్తే, "నన్ను అడగక ఎందుకు చేసినవ్ సేటు?" అని కేకలేశాడు.

తర్వాతి ఎన్నికలకి ఈసారి నిజంగా గెలవాలని నిలబడ్డారు. ఇల్లిల్లూ తిరిగారు. ఎదురు నిలబడింది బెర్నార్దీనా గారు. అరవై ఓట్ల తేడాతో ఆవిడ గెలిచింది. ఆయన రెండురోజులు అన్నం తినలేదట. మూడోరోజు ఆవిడ ఇంటికొచ్చి, తనకి మేయరు పనులన్నీ ఇష్టమే గానీ పెళ్ళిళ్ళు చేయించడమంటే ఒళ్ళు మంట అనీ, అది ఆయన చూసుకోవాలనీ అడిగింది. అక్కడ చర్చిలో కాక ఆఫీసులో పెళ్ళి చేసుకునేవాళ్ళకి మేయరు తరపున ఒక మనిషి నిలబడి చేయించాలి. ఇప్పుడు ఆయన ఉద్యోగం అదే.

మొన్న శనివారం వంటింట్లో ఉండగా ఫోన్ వచ్చింది. నేను స్పీకర్లో పెట్టాను. రెబెకా బిల్లుబల్ల దగ్గర్నుంచి వచ్చింది, వెంకటి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మార్కో, ప్రతి పెళ్ళిలోనూ ఏడుస్తున్నాను. పోయిన వారం పెళ్ళికూతురు తన రుమాలు నాకిచ్చేసింది. ఏం చెయ్యాలి?"

"ఏడ్వుర్రి సేటు," అన్నాడు వెంకటి. "పెండ్లికి ఒక్కడన్న ఏడ్వాలె గద."

నేను ఇంగ్లీషులో చెబితే, "నిజమా?" అన్నారు.

"మా దగ్గర మేళం వాళ్ళకి డబ్బులిచ్చి వాయించినట్టు, మీ దగ్గర మీకు జీతమిచ్చి ఏడిపిస్తున్నారనుకోండి," అంది రెబెకా.

ఆయన ఇంకేదో అడగబోయారు. అవతల ఎవరో కేకేశారు. "పెళ్ళికూతురు వచ్చేసింది, ఉంటాను," అని, ఫోన్ కట్టెయ్యకుండానే జేబులో వేసేసుకున్నారు. నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టి ఉన్నాను, అవి మరుగుతున్నాయి. బల్గేరియా ఆయన భోజనానికి ఇంకా టైముంది. మేం ముగ్గురం కూరలు తరిగే బల్ల చుట్టూ నిలబడి, ఆ జేబులోంచి పెళ్ళంతా విన్నాం.